గోదావరిలో బోటు, కాలువపై లాకు: వానాకాలంలో ఎందుకు ఆపేస్తారు? ఎక్కేముందు మీరు ఏం చూసుకోవాలి?

భద్రాచలం వెళ్లి రాముడి దర్శనం చేసుకుని, మర్నాడు పాపికొండల బోటు ఎక్కాలని చాలామంది ప్లాన్ వేసుకుంటారు. గది, కారు, బోటు టికెట్ అన్నీ ఫోన్‌లోనే బుక్ అయిపోతాయి. తీరా అక్కడికి వెళ్లాక 'ఈ రోజు బోట్లు లేవు' అంటారు. పైన చూస్తే ఎండ కాస్తుంటుంది, వాన చినుకు కూడా ఉండదు. మరి ఎందుకు ఆపారు? నీటిమట్టం 43 అడుగులంటే అర్థమేంటి? పాత రోజుల్లో రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీలు నడిచేవని పెద్దలు చెబుతారు కదా, ఇప్పుడు ఎందుకు వెళ్లలేవు? ఈ ప్రశ్నలకు జవాబులు తెలిస్తే డబ్బే కాదు, ప్రాణం కూడా కాపాడుకోవచ్చు.

లాకు అంటే ఏమిటి?

నదికి అడ్డంగా ఆనకట్ట కడితే ఎగువన నీటిమట్టం ఎత్తుగా, దిగువన పల్లంగా ఉంటుంది. పడవ ఆ ఎత్తు నుంచి దూకలేదు, పల్లం నుంచి ఎక్కలేదు. పడవకు మెట్టులా పనికొచ్చేదే లాకు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో 'లాకులు' అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు. చాలా ఊళ్లలో బస్సు స్టాపుల పేర్లు కూడా అవే.

లాకు అంటే రెండు చివరలా తలుపులున్న పొడవాటి రాతి తొట్టి. దిగువకు వెళ్లే పడవ వచ్చినప్పుడు ముందు తొట్టిలో నీటిని ఎగువ మట్టానికి నింపుతారు. ఎగువ తలుపు తెరిచి పడవను లోపలికి రానిస్తారు. తలుపు మూసి, దిగువ వైపు తూముల్లోంచి నీటిని మెల్లగా వదులుతారు. నీటితోపాటు పడవా దిగుతుంది. రెండు మట్టాలూ సమానమయ్యాక దిగువ తలుపు తెరుస్తారు, పడవ వెళ్లిపోతుంది. పైకి వెళ్లే పడవకు ఇదే పని తిరగేసి చేస్తారు. మోటారు, కరెంటు ఏమీ అక్కర్లేదు. పని మొత్తం నీటి బరువే చేస్తుంది.

ఒక లెక్క చూడండి. తొట్టి పొడవు 30 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, రెండు వైపులా నీటి తేడా 2 మీటర్లు అనుకుందాం. ఒక్క పడవ దిగడానికి 360 ఘనపు మీటర్లు, అంటే 3.6 లక్షల లీటర్ల నీరు పోతుంది. అది 12 వేల లీటర్ల ట్యాంకర్లు 30 నింపేంత నీరు. దిగువ తలుపు దగ్గర లోపల 4 మీటర్ల నీరు, బయట 2 మీటర్ల నీరు ఉంటే ఆ తలుపు మీద పడే ఒత్తిడి సుమారు 36 టన్నులు. అందుకే రెండు రెక్కల తలుపులను సూటిగా కాకుండా, ఎగువ వైపు మొన వచ్చేలా కోణంలో కలుపుతారు. ఎగువ నీరు ఎంత నెడితే రెక్కలు అంత గట్టిగా బిగుసుకుంటాయి.

వానాకాలంలో లాకు బలహీనత కూడా ఈ తలుపుల్లోనే ఉంది. వరద వచ్చి దిగువ నీటిమట్టం ఎగువ మట్టం కంటే పెరిగితే ఒత్తిడి తిరగబడుతుంది. బిగుసుకోవాల్సిన తలుపులు తెరుచుకోవడానికి చూస్తాయి. వరదలో కొట్టుకొచ్చే దుంగలు, చెట్ల కొమ్మలు రెక్కల మధ్య ఇరుక్కుంటే తలుపు పూర్తిగా మూసుకోదు. అడుగున ఇసుక, ఒండ్రు పేరుకుంటే తెరుచుకోదు. పక్కనే ఆనకట్ట గేట్లు ఎత్తి ఉంటే లాకు ముఖద్వారం దగ్గర నీరు పక్కకు లాగుతుంది. లాకులోకి రావాల్సిన పడవ గేట్ల వైపు కొట్టుకుపోవచ్చు. వరదలో లాకులు మూసేయడానికి ఇవే కారణాలు.

ఇంగ్లండ్‌లోని థేమ్స్ నదిపైనా ఇదే పద్ధతి ఉంది. ప్రవాహం పెరుగుతుంటే లాకుల దగ్గర పసుపు బోర్డు, ఉధృతంగా ఉంటే ఎర్ర బోర్డు పెడతారు. ఎర్ర బోర్డు ఉన్నప్పుడు పడవలు నది మీదికి రావద్దని సలహా ఇస్తారు.

దుమ్ముగూడెం దగ్గర లాకులు ఎందుకు కట్టారు?

భద్రాచలానికి ఎగువన, పర్ణశాలకు వెళ్లే దారిలో దుమ్ముగూడెం ఉంది. అక్కడి ఆనకట్టను ఇప్పుడు సాగునీటి కోణంలోనే చూస్తున్నాం గానీ, మొదట దాన్ని కట్టింది పడవల కోసం.

1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ కాలువలను సాగుకే కాక రవాణాకు కూడా వాడాలని గట్టిగా వాదించేవారు. గోదావరి మీదుగా సముద్రం నుంచి మధ్య భారతం దాకా పడవలు నడపాలన్నది ఆయన ఆలోచన. వార్ధా ప్రాంతంలో పండే పత్తిని నది మీదుగా కోస్తాకు దించాలన్నది లక్ష్యం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండ్ మిల్లులకు భారత పత్తి అవసరం పెరిగింది.

ఈ పనులను హేగ్ అనే సైనిక ఇంజినీరు నడిపించారు. గోదావరిలో మూడు చోట్ల రాళ్ల అడ్డంకులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర. ఇంకా ఎగువన మూడోది. ప్రతి అడ్డంకి దగ్గరా ఆనకట్ట కట్టి, పక్కనుంచి కాలువ తవ్వి, లాకులతో పడవను దాటించాలన్నది పథకం. దుమ్ముగూడెం దగ్గర పని చాలావరకు జరిగింది. కానీ ఖర్చు పెరిగిపోయింది, అడవిలో జ్వరాలు కూలీలను పీడించాయి, ఈలోగా రైలు మార్గాలు వచ్చేశాయి. 1871లో ప్రభుత్వం ఈ పథకాన్ని ఆపేసింది.

అసలు చిక్కు నది తీరులోనే ఉంది. వేసవిలో పడవ తేలేంత లోతు ఉండదు. వానాకాలంలో పడవ నిలవలేనంత ఉధృతి ఉంటుంది. మధ్యలో దొరికే కొన్ని నెలలే రవాణాకు పనికొస్తాయి. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా ఈ లెక్క పెద్దగా మారలేదు. పాపికొండల బోట్ల సీజన్ వరద తగ్గాక శీతాకాలంలో ఊపందుకోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు భద్రాచలం నుంచి రాజమండ్రికి బోటులో వెళ్లొచ్చా?

వెళ్లలేరు. 1965లో భద్రాచలం దగ్గర వంతెన వచ్చేదాకా యాత్రికులకు నదే ముఖ్యమైన దారి. ఆ తర్వాత రోడ్డు పెరిగి, లాంచీ తగ్గింది. ఇప్పుడు మధ్యలో పోలవరం ప్రాజెక్టు నిర్మాణం ఉంది. 2021 నుంచి గోదావరి ప్రవాహాన్ని 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్లించారు. అందుకే రాజమండ్రి వైపు నుంచి వచ్చేవారిని రోడ్డు మీద ప్రాజెక్టు దాటించి, గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కిస్తారు. భద్రాచలం వైపు నుంచి వెళ్లేవారు పోచవరం రేవులో ఎక్కుతారు.

కాగితం మీద మాత్రం ఇది జలమార్గమే. భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కి.మీ. గోదావరిని 2008లో జాతీయ జలమార్గం 4లో భాగంగా ప్రకటించారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలు, వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణా నది కూడా ఇందులోనే ఉన్నాయి. పోలవరం ప్రాజెక్టు డిజైన్‌లోనూ పడవలు దాటడానికి నావిగేషన్ లాకులు, సొరంగం ఉన్నాయి. అవి పనిచేసే రోజున లాకు దాటడం మళ్లీ ఈ ప్రయాణంలో భాగమవుతుంది.

ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. భద్రాచలం పట్టణం తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పోచవరం రేవు ఉన్న వి.ఆర్.పురం మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. మీరు హోటల్ తీసుకునేది ఒక రాష్ట్రంలో, బోటు ఎక్కేది మరో రాష్ట్రంలో. బోటు తిరగాలా వద్దా అన్నది ఆంధ్రప్రదేశ్ అధికారులు నిర్ణయిస్తారు. భద్రాచలంలో టికెట్ అమ్మిన ఏజెంట్ మాట దానికి ప్రమాణం కాదు.

43, 48, 53 అడుగులు: వీటిని ఎలా చదవాలి?

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. ఇది గేజీ మీద కనిపించే అంకె మాత్రమే, నది లోతు కాదు. 1986 ఆగస్టులో ఈ గేజీ 75.6 అడుగులు చూపింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది.

దిగువన ధవళేశ్వరం దగ్గర లెక్క వేరు. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. 10 లక్షల క్యూసెక్కులంటే ప్రతి సెకనుకూ 2.8 కోట్ల లీటర్లు. అలాంటప్పుడు కాటన్ బ్యారేజీకి ఉన్న 175 గేట్లు ఎత్తి నీటిని సముద్రంలోకి వదిలేస్తారు.

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. ఈ హెచ్చరికలు ఒడ్డున ఉన్న ఊళ్లు మునుగుతాయా, ఎవరిని తరలించాలి అన్నది చెప్పడానికి పెట్టినవి. బోటు ప్రయాణం సురక్షితమా కాదా అన్నది ఇవి చెప్పవు. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. అందులో 77 మంది ఉంటే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఆ రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే ధవళేశ్వరం మొదటి హెచ్చరికలో సగం. వరద తగ్గుముఖం పట్టిన రోజులవి. 'హెచ్చరిక లేదు కదా, వెళ్లొచ్చు' అనే మాట ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

పాపికొండల మధ్య నది ఇరుకవుతుంది. మైదానంలో వెడల్పుగా పారే నీరు కొండల మధ్య లోతుగా, వేగంగా పారుతుంది. మలుపుల దగ్గర సుడులు తిరుగుతుంది. భద్రాచలం కరకట్ట మీద నిలబడి చూసి నది ప్రశాంతంగా ఉందనుకుంటే పొరపాటే.

ఎండ కాస్తున్నా వరద ఎందుకొస్తుంది?

భద్రాచలం దగ్గర మీరు చూసే నీరు అక్కడ కురిసిన వాన కాదు. ప్రాణహిత, ఇంద్రావతి నదుల మీదుగా మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కురిసిన వాన కూడా ఇక్కడికే వస్తుంది. చర్ల వైపు నుంచి తాలిపేరు, బూర్గంపాడు వైపు నుంచి కిన్నెరసాని కలుస్తాయి. కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు వెనక్కి తన్ని కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాల రోడ్లను ముంచేస్తుంది. బోటు దాకా ఎందుకు, పోచవరం వెళ్లే రోడ్డే మూసుకుపోవచ్చు. వెళ్లాక తిరిగి రాలేని పరిస్థితీ రావచ్చు.

ఏ కాలంలో ఏ ప్రమాదం?

జులై నుంచి సెప్టెంబర్ దాకా వరద, సుడులు, కొట్టుకొచ్చే దుంగలు ఉంటాయి. ఎర్రనీటిలో అడుగున ఏముందో సరంగుకు కనిపించదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట హఠాత్తుగా గాలివాన వస్తుంది. నీరు తక్కువే కదా అని ధీమా వద్దు. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది గాలివానకే. వాన లోపలికి కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకోవడంతో చాలామంది బయటకు రాలేకపోయారు.

డిసెంబర్, జనవరిలో పొద్దున్నే మంచు కమ్ముతుంది. ఎదురుగా వచ్చే నాటుపడవ, ఇసుక మేట దగ్గరకు వచ్చేదాకా కనిపించవు.

రెండంతస్తుల బోటు గాలికి తెరచాపలా పనిచేస్తుంది. వేగం తగ్గించినప్పుడు చుక్కాని సరిగ్గా పట్టదు. రేవులోకి, లాకులోకి వచ్చేటప్పుడు బోటు మెల్లగానే రావాలి కాబట్టి పక్కగాలి ప్రమాదం అప్పుడే ఎక్కువ.

లాకు దాటే బోటులో ఉంటే

కేరళలోనో, విదేశాల్లోనో, రేపు పోలవరంలోనో మీరు లాకు దాటాల్సి రావచ్చు. అప్పుడు ఈ నాలుగు విషయాలు పాటించండి.

మొదటిది, చేతులు, కాళ్లు బోటు బయటకు చాపొద్దు. బోటుకూ రాతి గోడకూ మధ్య నలిగే ప్రమాదం ఉంది. రెండోది, నీరు దిగుతున్నప్పుడు తాడును ఒడ్డున బిగించి ముడి వేయకూడదు. కొక్కేనికి ఒక చుట్టు చుట్టి, చేత్తో పట్టుకుని మెల్లగా వదలాలి. ముడి వేస్తే బోటు తాడుకు వేలాడి ఒరిగిపోతుంది. మూడోది, దిగేటప్పుడు బోటు వెనుక భాగం ఎగువ తలుపుకు దూరంగా ఉండాలి. ఆ తలుపు కింద ఉండే రాతి గట్టు నీరు దిగాక బయటపడుతుంది. బోటు దాని మీద చిక్కుకుంటే ముందుకు వాలిపోతుంది. నాలుగోది, నీరు నింపేటప్పుడు తొట్టిలో అలజడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి నిలబడకుండా కూర్చోవాలి.

ఆనకట్ట దిగువన తెల్లగా నురగలు కక్కే చోటికి నాటుపడవలో ఎప్పుడూ వెళ్లొద్దు, ఈతకూ దిగొద్దు. అక్కడ నీరు పైనుంచి పడి, అడుగుకు వెళ్లి, మళ్లీ ఆనకట్ట వైపే తిరుగుతుంది. అందులో పడినవాళ్లను బయటకు రానివ్వదు. గజ ఈతగాళ్లకైనా అంతే.

బోటు ఎక్కేముందు ఇవి అడగండి

దేశీయ నౌకల చట్టం 2021 ప్రకారం ప్రయాణికుల బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి. కచ్చులూరు ప్రమాదం తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూమ్‌ల ఏర్పాటు చేపట్టింది. అందులో పోచవరం, పేరంటాలపల్లి, గండిపోచమ్మ ఉన్నాయి.

రేవులో మీరు చూసుకోవాల్సినవి ఇవి:

– ఈ రోజు బోటు తిరగడానికి అనుమతి ఉందా అని ఏజెంట్‌ను కాదు, రేవులోని కంట్రోల్ రూమ్ సిబ్బందిని అడగండి.
– బోటు మీద రాసిన ప్రయాణికుల పరిమితి చూడండి. పిల్లలు కూడా లెక్కలోకే వస్తారు.
– మీ పేరు, ఫోన్ నంబర్ జాబితాలో రాయించండి. ప్రమాదం జరిగితే ఎంతమంది ఎక్కారో తెలిసేది దానివల్లే.
– లైఫ్ జాకెట్ తీసుకుని పక్కన పెట్టుకోవద్దు. వేసుకుని, బెల్టులన్నీ బిగించండి. పిల్లలకు వాళ్ల సైజుదే అడగండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లల తల మీంచి జారిపోతుంది.
– గాలివాన మొదలైతే కింది అంతస్తులో తలుపులు మూసుకుని కూర్చోవద్దు. బయటకు దారి ఉన్న చోట, బోటు మధ్యలో కూర్చోండి.
– ఫొటో కోసమో, భయంతోనో అందరూ ఒకే వైపుకు పరుగెత్తొద్దు. బోటు ఒరగడానికి అదే చాలు.

ఫోన్‌లో ఏం చూడాలి?

కేంద్ర జల సంఘం 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్‌లో నదుల నీటిమట్టాలు, వరద అంచనాలు తెలుసుకోవచ్చు. పిడుగుల సమాచారానికి 'దామిని', విపత్తు హెచ్చరికలకు 'సచేత్' యాప్‌లున్నాయి. వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోవాలి. మీ ఊరి రంగు ఒక్కటే చూస్తే సరిపోదు. ఎగువన ఛత్తీస్‌గఢ్, ఆదిలాబాద్, ములుగు వైపు కూడా చూడండి. రెండు రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి నీరు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది గమనించండి. పాపికొండల అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఇవన్నీ భద్రాచలంలోనే చూసుకోవాలి.

ట్రిప్ రద్దయితే డబ్బులు?

బుక్ చేసేటప్పుడే 'వరద వల్ల రద్దయితే పూర్తి సొమ్ము తిరిగి ఇస్తారా, లేక తేదీ మారుస్తారా' అని అడిగి, జవాబును మెసేజ్ రూపంలో తీసుకోండి. రసీదు, చెల్లింపు స్క్రీన్‌షాట్ దాచుకోండి. నిర్వాహకులు బోటు నడపకుండానే డబ్బులు ఇవ్వమంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. అనుమతి లేని రోజున ఎవరైనా 'మేం దొంగచాటుగా తీసుకెళ్తాం, కొంచెం ఎక్కువ ఇవ్వండి' అంటే ఒప్పుకోవద్దు. అలాంటి బోటు మునిగితే, మీరు ఆ నదిలో ఉన్నారన్న సంగతి కూడా ఒడ్డున ఎవరికీ తెలియదు.

ఆపదలో 112కు ఫోన్ చేయండి. అంబులెన్స్‌కు 108, జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్‌కు 1077. చెప్పేటప్పుడు బోటు పేరు, చివరగా దాటిన రేవు పేరు, ఏ ఒడ్డుకు దగ్గరగా ఉన్నారో చెప్పండి. కొండల మధ్య మిమ్మల్ని వెతికేవారికి ఈ మూడే ఆనవాళ్లు.